ట్రౌగోట్ అనే పేరున్న ఒక్క మనిషి కోసం

గూడూరు దగ్గర మా పాళెంలో, నా చిన్నతనంలో, ట్రౌగోట్ అనే పేరున్నవాళ్ళు ఎనిమిదిమంది ఉండేవారు. బావి దగ్గరి ట్రౌగోట్, పొగాకు ట్రౌగోట్, బండి ట్రౌగోట్, గుడి గంట కొట్టే ముసలి ట్రౌగోట్, ఆయన తమ్ముడి కొడుకు చిన్న ట్రౌగోట్, ఇలా. మా నాన్న సంఘంలో ఉపదేశి కాబట్టి ఆయన ఉపదేశి ట్రౌగోట్. ఆదివారం ఆరాధన ముగిశాక గుడి వాకిట్లో ఎవరైనా ఆ పేరు కేకేస్తే నాలుగైదు తలలు ఒక్కసారే తిరిగేవి. "నిన్ను గాదు మావా, బండాయన్ని" అని పిలిచినవాడు చేయి ఊపేవాడు. తిరిగిన తలలు మళ్ళీ తమ మాటల్లో పడేవి.

మా ముత్తాతల కాలంలో జర్మనీ నుంచి వచ్చిన ఒక మిషనరీ దొర పేరు అది. ఆయన మాకు గుడి కట్టించాడు, గుడి వెనక బడి పెట్టాడు, కలరా వచ్చిన ఏడు ఊరు వదలకుండా ఇంటింటికీ తిరిగి గంజి తాగించాడు. ఆయన చేతుల మీద బాప్తిస్మం పొందినవాళ్ళు తమ కొడుకులకు ఆయన పేరు పెట్టుకున్నారు. 'దేవుణ్ణి నమ్ముకో' అని దానికి అర్థమని నాన్న చెప్పేవారు. మిగతా పేర్లు మనిషిని పిలవడానికి పనికొస్తాయి, ఈ పేరు మాత్రం పిలిచిన ప్రతిసారీ మనిషికి ఒక మాట చెబుతుంది అనేవారు.

ఒక చిన్న పాళెంలోనే ఎనిమిదిమంది ఉంటే ఆ పేరు పుట్టిన దేశంలో ఎంతమంది ఉండాలి? నా లెక్క అది. జర్మనీలో వీధికి పదిమంది ట్రౌగోట్‌లు ఉంటారని చిన్నప్పుడే నమ్మాను. పెద్దవాణ్ణయ్యాక ఆ నమ్మకాన్ని తిరిగి చూసుకోవలసిన పని పడలేదు. చిన్నప్పుడు మనసులో వేసుకున్న పటాలు చాలావరకు అలాగే ఉండిపోతాయి.

నాన్న దేవుని సన్నిధికి వెళ్ళిన రెండేళ్ళకు నాకు సింగపూర్‌లో ఉద్యోగం వచ్చింది. రెండువేల సంవత్సరం వస్తే బ్యాంకుల కంప్యూటర్లు దాన్ని పంతొమ్మిది వందలు అనుకుంటాయన్న భయంతో ప్రపంచమంతా ప్రోగ్రామర్ల కోసం వెతుకుతున్న రోజులవి. పొద్దున్నించి సాయంత్రం దాకా పాత ప్రోగ్రాములు తెరిచి, సంవత్సరాన్ని రెండంకెల్లో రాసిన చోటల్లా నాలుగంకెలు చేయడం నా పని. బుకిట్ బటోక్‌లో పదకొండో అంతస్తు ఫ్లాటు. పెళ్ళయి ఏడాది. నా భార్యకు నాలుగో నెల.

ఒక శనివారం ఉదయం ఆమె ఇడ్లీపిండి గిన్నె ముందు పెట్టుకుని ఉండగా నేను మాట కదిపాను.

"అబ్బాయి పుడితే నాన్న పేరు పెడదాం."

"మావయ్యగారి పేరా?" ఆమె గరిటె ఆపింది. "ఏవండీ, నాకు మావయ్యగారంటే ఎంత గౌరవమో మీకు తెలుసు. కానీ ఆ పేరు పలకాలంటే ముందు గొంతు సవరించుకోవాలి."

ఆమెది గుంటూరు. గుంటూరుకు వచ్చింది అమెరికా మిషనరీలు. జర్మనీ వాళ్ళు దొరికిన మా గూడూరు వాళ్ళంటే వాళ్ళకు చిన్న జాలి.

"జర్మనీలో అది మన వెంకటేశ్వర్లు అంత మామూలు పేరు" అన్నాను.

"మీరెప్పుడు చూశారు?"

"చూసేదేముంది? ఎవరినడిగినా చెప్తారు."

"అయితే అడగండి. ఒక్కణ్ణి చూపించండి. మీ పాళెం వాడు కాకూడదు. పోయినవాడు కాకూడదు. బతికి, తిరుగుతూ, ఆ పేరు పెట్టుకుని సుఖంగా ఉన్న ఒక్క మనిషిని చూపించండి, అదే పెడదాం. లేదంటే నేను అనుకున్న పేరు."

ఆమె అనుకున్నది రెండక్షరాల పేరు. తెలుగులో పలుకుతుంది, ఇంగ్లీషులో పలుకుతుంది, చైనా వాళ్ళ నోట్లోనూ పలుకుతుంది. దానికి వంక పెట్టడానికి నాకేమీ దొరకలేదు.

ఆ మధ్యాహ్నమే లిఫ్టులో ఎదురింటి చైనీస్ ఆంటీ కలిసింది. నా భార్య కడుపు వైపు చూసి, "బాయ్ ఆ, గర్ల్ ఆ? నేమ్ గాట్ ఆల్‌రెడీ?" అంది. నేను అవకాశం వదలకుండా పేరు చెప్పాను. ఆంటీ కళ్ళు మూసుకుని ఒకసారి లోపల అనుకుంది. "ట్రా-గో! కెన్ లా!" అంది, భేషుగ్గా ఉంది అన్నట్టు.

"చూశావా?" అన్నాను బయటికి వచ్చాక.

"ఆమెకు మర్యాద ఎక్కువ" అంది నా భార్య. "మీరు నెబుకద్నెజరు అన్నా కెన్ అనేది."

నవ్వుకున్నాం. కానీ నాకు లోపల ఇది నవ్వులాట కాదు. మా పాళెంలో ఆ ఎనిమిదిమందిలో అప్పటికి ఇద్దరు మిగిలారు. ఇద్దరూ డెబ్బై దాటినవాళ్ళు. కొత్తగా పుడుతున్న పిల్లలకు టీవీలో విన్న పేర్లు పెడుతున్నారు. నాన్న సమాధి రాయి మీద అక్షరాలు చెక్కిన మనిషి ఆ పేరు ఎలా రాయాలో మూడుసార్లు అడిగాడు. అదే ఊళ్ళో, అదే పేరు. అప్పుడు నాకు తెలిసింది, నాన్నతోపాటు ఇంకొకటి కూడా వెళ్ళిపోతోందని. నా కొడుకు ఆ పేరు తీసుకోకపోతే ఇక దాన్ని తీసుకునేవాళ్ళు లేరు.

మా తెలుగు సంఘం ఆదివారం మధ్యాహ్నం లిటిల్ ఇండియా పక్కన ఒక తమిళ చర్చిలో కూడేది. తమిళ ఆరాధన ముగిసి వాళ్ళు వెళ్ళాక మాకు తాళం ఇచ్చేవారు. సగంమంది నాలాంటి కంప్యూటర్ ఉద్యోగులు, సగంమంది షిప్‌యార్డుల్లో, కట్టడాల్లో కూలికి వర్క్ పర్మిట్ మీద వచ్చిన సోదరులు. శుక్రవారం సాయంత్రాలు టోవా పాయోలో సంఘ పెద్ద ఫ్లాటులో ప్రార్థన కూడిక. చెప్పుల గుట్ట చూసి ఎంతమంది వచ్చారో చెప్పవచ్చు.

మా కూడికల్లో ఒక పద్ధతి ఉంది. ప్రార్థన మనవులు చెప్పేటప్పుడు ఎవరూ విషయం విప్పి చెప్పరు. "నా కుటుంబంలో ఒక విషయమై ప్రార్థించండి" అంటారు. "ఒక సహోదరుని నిమిత్తం" అంటారు. విప్పి చెబితే గొప్పలు చెప్పుకున్నట్టో, గుట్టు బయటపెట్టుకున్నట్టో ఉంటుందని సంకోచం. దేవునికి అన్నీ తెలుసు కదా, మనుషులకు వివరం ఎందుకు అన్నది మా వాదన. నేను కూడా ఆ శుక్రవారం లేచి, "మా ఇంట్లో ఒక విషయమై దేవుని చిత్తం కోసం ప్రార్థించండి" అని కూర్చున్నాను. పేరు సంగతని కూడా చెప్పలేదు.

నా పక్కన ఎప్పుడూ కూర్చునే బ్రదర్ ఒకాయన ఉండేవాడు. షిప్‌యార్డులో వెల్డరు, నలభై అయిదేళ్ళ మనిషి, సాలూరు వైపు. మా దగ్గర పాటల పుస్తకాలు తక్కువ. ఆయనా నేనూ ఒకే పుస్తకం చెరొక అంచు పట్టుకుని పాడేవాళ్ళం. ఆయన గొంతు లేస్తే కీబోర్డు అవసరం ఉండేది కాదు. ఆ రోజు కూడిక అయ్యాక ఆయన నా చేయి పట్టుకున్నాడు.

"మీ ఇసయం నాను రోజూ పెడతానండి ప్రార్థనలో. మజ్జానం అన్నాల బెల్లు కొట్టినాక పది నిమిషాలు నాదే."

"చాలా థ్యాంక్స్ బ్రదర్."

ఏ విషయమని ఆయన అడగలేదు. అడగకపోవడం మా పద్ధతి.

వెతుకులాట ఆఫీసులో మొదలైంది. అప్పుడప్పుడే వచ్చిన ఇంటర్నెట్‌లో ఆ పేరు కొట్టి చూశాను. ఎక్కడెక్కడి పాత సంగీతకారులో, పండితులో వచ్చారు. అందరికీ పుట్టిన ఏడాది పక్కన పోయిన ఏడాది కూడా ఉంది. అయినా నేను కంగారుపడలేదు, ఎందుకంటే మా బ్యాంకు పనికి ఒక జర్మన్ ఇంజనీరు వచ్చి నా పక్క క్యాబిన్‌లోనే కూర్చున్నాడు. సన్నటి కళ్ళద్దాలు, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కా. ఒకరోజు కాఫీ కప్పు పట్టుకుని వెళ్ళాను.

"మీ దేశంలో ట్రౌగోట్‌లు ఎంతమంది ఉంటారు?"

అతను నన్ను పైనుంచి కిందికి చూశాడు. తరువాత నవ్వడం మొదలుపెట్టాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు, పెట్టుకుని మళ్ళీ నవ్వాడు.

"నాకు తెలిసినవాళ్ళు ముగ్గురు" అన్నాడు. "ముగ్గురూ మా ఊరి సమాధుల తోటలో ఉన్నారు. రాళ్ళ మీద నాచు పట్టింది. ఈ పేరు నీకెక్కడ దొరికింది?"

"మా నాన్న పేరు."

నవ్వు టక్కున ఆగిపోయింది. కుర్చీ లాగి నన్ను కూర్చోబెట్టాడు. మా పాళెం గురించి, ఎనిమిదిమంది గురించి చెప్పాను. బండి ట్రౌగోట్ దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ నవ్వాడు గానీ ఆ నవ్వు వేరు. "మా అమ్మకు రాస్తాను. మా ఊరి చర్చిలో పాత రిజిస్టర్లు సర్దడమంటే ఆమెకు ప్రాణం."

వారం తిరక్కుండా ఆమె నుంచి పెద్ద ఈమెయిల్ వచ్చింది. అతను దాన్ని ఇంగ్లీషులోకి మార్చి చదివి వినిపించాడు. ఆ దేశపు పాత పేర్లలో తోడేలు, ఈటె, గెలుపు లాంటి మాటలు ఉండేవట, అన్నీ యుద్ధం చేసేవాళ్ళ పేర్లు. మూడువందల ఏళ్ళ కిందట కొందరు భక్తులు లేచారు. ఆదివారం గుడికి పోయి రావడంతో వాళ్ళకు తృప్తి లేదు. ఇళ్ళల్లో కూడుకున్నారు, వాక్యం చదువుకున్నారు, కన్నీళ్ళతో ప్రార్థించారు. పిల్లలకు ఈటెల పేర్లు వద్దనుకున్నారు. దేవుని శాంతి, దేవుని సహాయం, దేవునికి ప్రియుడు అని అర్థం వచ్చే కొత్త పేర్లు అల్లుకున్నారు. ట్రౌగోట్ ఆ పంటలోదే. ఆ కాలపు బాప్తిస్మ పుస్తకంలో ఒక్కో పుటలో రెండు మూడుసార్లు కనిపిస్తుందని ఆమె రాసింది.

ఇది మా కథే. మా తాతలు బాప్తిస్మం పొందినప్పుడు పాత పేర్లు వదిలి దేవసహాయం, దేవదానం అని పెట్టుకోలేదా? సముద్రాలకు అవతల, మాకంటే ముందు, ముఖం తెలియని ఒక సంఘం సరిగ్గా మేము చేసిన పనే చేసింది. టోవా పాయో ఫ్లాటులో చెప్పులు విప్పి కూర్చునే మా కూడిక కూడా ఆ ఇళ్ళ కూడికల్లాంటిదే. దేవుడు ఒకే విత్తనం రెండు పొలాల్లో చల్లాడు అనిపించి ఆ పూట నా సీట్లో కూర్చుని స్తుతించాను.

ఈమెయిల్ చివరి భాగం మాత్రం మిగిలింది. మనవళ్ళ కాలానికి ఆ పేర్లు బరువనిపించాయి. పట్నాల్లో నవ్వారు. పల్లెల్లో, పాస్టర్ల ఇళ్ళల్లో కొన్నాళ్ళు నిలిచి, తరువాత పుటలు పుటలుగా మాయమైపోయాయి. తన జీవితకాలంలో ఆ పేరుతో తన చర్చిలో ఒక్క బాప్తిస్మం కూడా జరగలేదని ఆమె రాసింది. ఇప్పుడు ఎక్కడైనా ఉంటే ఉండవచ్చు, తనకు మాత్రం తెలియదంది.

అంటే నేను నా భార్యకు చెప్పింది తప్పు. వీధికి పదిమంది కాదు, దేశంలో వెతికినా దొరకడం కష్టం.

రెండు రోజులు ఆమెకు ఏమీ చెప్పలేదు. ఇంటర్నెట్‌లో ఎవడో ఒకణ్ణి చూపించి 'ఇదిగో' అనవచ్చు. పోయిన ఏడాది రాసి ఉన్న చోట వేలు అడ్డం పెడితే ఆమె నమ్మేస్తుంది. ఆ ఆలోచన వచ్చినందుకే సిగ్గుపడ్డాను. దేవుణ్ణి నమ్ముకో అనే పేరు కోసం అబద్ధం ఆడితే రేపు పరలోకంలో నాన్న మొహం ఎలా చూస్తాను?

మూడో రోజు సాయంత్రం మా బ్లాకు కింద తిండి అంగళ్ళుండే హాకర్ సెంటర్‌కు వెళ్ళాం. ఆమె టేబుల్ మీద టిష్యూ పాకెట్ పెట్టి చోప్ చేసింది. అలా చోటు పట్టుకోవడం ఆమె ఆ ఊళ్ళో మొదట నేర్చుకున్న విద్య. చేపల సూప్ తెచ్చి ముందు పెట్టాను.

"నేను ఓడిపోయాను" అన్నాను. "ఆ పేరు అక్కడెవరికీ లేదంట. పాత రిజిస్టర్లలో ఉంది. మనుషులకు లేదు."

ఆమె సూప్ స్పూను కింద పెట్టింది. "రెండు రోజుల్నించీ ముఖం వేలాడేసుకుంది ఇందుకా? నేను ఉద్యోగం పోయిందేమోనని హడలి చచ్చాను."

"నువ్వనుకున్న పేరే పెడదాం. నాకు సమ్మతమే."

"నిజంగానా?"

"నిజంగానే. నీకు చెప్పింది తెలియక చెప్పాను. మాట మాటే."

ఆమె గెలిచినట్టు మాట్లాడలేదు. కాసేపు సూప్ తాగింది. "నాకు పేరు మీద కోపం లేదండీ" అంది తరువాత. "పిల్లాడు బడిలో నిలబడి పేరు చెబితే అందరూ ఇంకోసారి చెప్పమంటారు. జీవితాంతం ఇంకోసారి చెబుతూ ఉండాలి. అలాంటి పేరుతో మనిషి ఎలా ఉంటాడో నాకు తెలీదు. నేను చూడలేదు. మావయ్యగారినీ చూడలేదు కదా."

బైబిల్లో ఒక ముసలి యాజకుడు మాట పడిపోయి పలక మీద కొడుకు పేరు రాసిన సంగతి గుర్తొచ్చింది. నీ బంధువుల్లో ఆ పేరు ఎవరికీ లేదే అని అప్పుడు కూడా జనం అడిగారు. ఆయనకైతే దేవదూత వచ్చి చెప్పాడు. నాకు ఎవరూ చెప్పలేదు. కాబట్టి ఇది నా కోరికే గానీ దేవుని ఆజ్ఞ కాదని ఒప్పుకుని, ఆ కోరికను ఆయన చేతుల్లో పెట్టేశాను. శుక్రవారం కూడికలో మనవి మాత్రం వెనక్కి తీసుకోలేదు. వెనక్కి తీసుకోవాలన్నా విషయం చెప్పాలి కదా.

అబ్బాయి పుట్టాడు. పెద్ద ఆపరేషన్ అయింది గానీ తల్లీబిడ్డా క్షేమం. జుట్టు నిండా ఉన్న తల, నాన్న చెవులు. ఆమె ఎంచిన పేరుతో రెండు మూడుసార్లు పిలిచి చూశాను. బాగానే ఉంది. ఇంటికి తెచ్చాక వచ్చిన మొదటి ఆదివారం, ఆరాధన అయ్యాక వెల్డర్ బ్రదర్ బుకిట్ బటోక్‌కు వచ్చాడు. రమ్మన్నది నా భార్యే. ఏడో నెలలో ఆమెకు రక్తపోటు పెరిగి మంచం దిగవద్దన్నప్పుడు, ఆయన మూడు ఆదివారాలు రెండు రైళ్ళు మారి వచ్చి, గుమ్మంలో నిలబడి ఒక పాట పాడి, ప్రార్థన చేసి, టీ కూడా తాగకుండా వెళ్ళాడు. "బాబుకి బాప్తిస్మంలో జ్ఞానతండ్రిగా నిలబడమని ఆయన్నే అడుగుదాం" అని అప్పుడే తేల్చేసింది.

ఆయన చేతులు రెండుసార్లు కడుక్కుని బిడ్డ దగ్గరికి వచ్చాడు. జ్ఞానతండ్రి సంగతి చెబితే మొదట ఒప్పుకోలేదు. "పెద్ద సదువుల వోళ్ళు బోలెడుమంది ఉన్నారు గదమ్మా మన సంగంలో." నా భార్య వినలేదు. బాప్తిస్మం ఫారం ఒళ్ళో పెట్టుకుని సోఫాలో కూర్చుంది. మర్నాడు నేను వెళ్ళి జననం కూడా నమోదు చేయించాలి. తండ్రి పేరు రాసింది, తల్లి పేరు రాసింది, బిడ్డ పేరు దగ్గర తను ఎంచినది రాసింది. నేను వంటింట్లో టీ పెడుతున్నాను.

"బ్రదర్, మీ పూర్తి పేరు చెప్పండి."

"నా పేరాండీ? రాయడం కట్టమమ్మా. ఇందులో ఉంది, సూసి రాసీయండి." జేబులోంచి ప్లాస్టిక్ కవరులో ఉన్న వర్క్ పర్మిట్ కార్డు తీసి ఇచ్చాడు.



"ఏవండీ" అని ఆమె పిలిచింది. "ఒకసారి ఇలా రండి."

"ఏంది? టీ పొంగుతుంది."

"పొంగనీయండి. రండి."

కార్డు నా చేతికిచ్చింది. ఇంటిపేరు, దాని పక్కన ట్రౌగోట్. ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటీ చదివాను. నాన్న రేషన్ కార్డు మీద కూడా ఇవే అక్షరాలు, ఇదే వరుస.

ఆయన ముఖం వాడిపోయింది. "కార్డులో ఏటైనా తేడా ఉందేటండీ? డేటు అయిపోనేదు గదా?"

"బ్రదర్, ఇది మీ పేరా?"

"నాదేనండి."

"మీది ఏ ఊరన్నారు?" అని నా భార్య అడిగింది, కోర్టులో లాయరులాగా.

"సాలూరు అవతలమ్మా. కొండ కింద."

"ఎప్పుడైనా గూడూరు వైపు వెళ్ళారా? అక్కడ మీకు చుట్టాలున్నారా?"

"నేదమ్మా. మెడ్రాసు పోయినప్పుడు రైల్లో దాటినాను, అంతే."

"మరి ఈ పేరు మీకెవరు పెట్టారు?"

"మా నాన్నేనమ్మా. నాను పుట్టకముందర ఆయన్ని ఎలుగు గీరీసింది. జర్మనీ డాట్రు దొరగారు కుట్లేసి మూణ్ణెల్లు ఆసుపత్రిలో ఎట్టుకున్నారు. బతికి ఇంటికొచ్చినాక నాను పుట్టాను. ఆ దొరగారి పేరెట్టీసినాడు. మా తట్టు ఆ పేరు ఇంకెవులికీ నేదు."

"ఇన్నాళ్ళూ మీరు చెప్పనే లేదేంటి?" అన్నాను.

"ఎవులూ అడగనేదండి. యార్డులో నంబరెట్టి పిలుస్తారు. రూములో సాలూరోడా అంటారు. సంగంలో బ్రదర్ అంటారు. ఎలాగ పిలిసినా పలుకుతాను గదా."

రెండేళ్ళు ఆయన పక్కన కూర్చున్నాను. ఒకే పుస్తకం పట్టుకుని పాడాను. నా నిమిత్తం రోజూ ప్రార్థన చేస్తున్నానని చెబితే థ్యాంక్స్ బ్రదర్ అన్నాను. జర్మనీలో ఎవరి తల్లికో ఉత్తరం రాయించాను గానీ మోచేతికి మోచెయ్యి తగిలే దూరంలో ఉన్న మనిషిని 'మీ పేరేంటి' అని అడగలేదు. అందరం సహోదరులమని అంత గట్టిగా నమ్మే చోట ఒక సహోదరుడి పేరు తెలుసుకోలేకపోయాను. ఆయన ముందు కుర్చీ లాక్కుని కూర్చుని ఉన్నదంతా చెప్పాను. మొదటి శుక్రవారం 'ఒక విషయం' అన్నానే, ఆ విషయం ఈ పేరేనని చెప్పాను.



"అయ్యబాబోయ్! ఇదేటా? మీకేదో ఉద్యోగం పోయే గొడవనుకున్నానండి నాను! బుదారం బుదారం ఉపాసం కూడా ఉన్నాను!"

నా భార్య పగలబడి నవ్వింది. కడుపు పట్టుకుంది. "అయ్యో, నవ్వించకండి బ్రదర్, కుట్లు లాగుతున్నాయి!" అంటూ మళ్ళీ నవ్వింది. ఆయన నవ్వాడు, నేను నవ్వాను, బిడ్డ లేచి ఏడ్చాడు. వంటింట్లో టీ పూర్తిగా పొంగి స్టవ్ ఆరిపోయింది.

నవ్వు తగ్గాక ఆమె ఫారం మీద తను రాసిన పేరుకు అడ్డంగా గీత గీసింది.

"వద్దు" అన్నాను. "నేను ఒప్పుకున్నాను కదా. పందెం అప్పుడే అయిపోయింది."

"పందెం కోసం కాదు. మీ కోసమూ కాదు, పొంగిపోకండి." బ్రదర్ వైపు చూసింది. ఆయన అప్పటికే లేచి, ఏడుస్తున్న బిడ్డను ఎలా ఎత్తుకోవాలో తెలియక రెండు చేతులూ ముందుకు చాపి నిలబడి ఉన్నాడు. "ఈ పేరుతో మనిషి ఎలా ఉంటాడో నేను చూడలేదన్నాను. చూశాను." గీత పైన ఖాళీలో ట్రౌగోట్ అని రాసింది. ఒక్క అక్షరం తప్పు పోలేదు, కార్డు చూసి రాసింది మరి. "నేననుకున్న పేరు ఎక్కడికీ పోదు. రెండోవాడికి దాచుకుంటాను."

నెల తరువాత ఆదివారం బాప్తిస్మం. మాకు చర్చి ఇచ్చే తమిళ పాస్టరుగారే వచ్చి ఇచ్చారు. పేరు రెండుసార్లు నన్ను అడిగి, నీళ్ళు చేతిలోకి తీసుకున్నాక మూడోసారి అడిగి, చివరికి చక్కగా పలికారు. మా జర్మన్ స్నేహితుడు ఎండలో కోటు వేసుకుని వచ్చాడు. ఆరాధన అయ్యాక బ్రదర్ దగ్గరికి వెళ్ళి చేయి పట్టుకుని చాలాసేపు ఊపాడు.

"ఏటంటన్నాడండీ?" అని బ్రదర్ నన్ను అడిగాడు.

"ఈ పేరుతో బతికున్న మనిషికి చేయి కలపడం ఇదే మొదటిసారంట. మీ ఫోటో వాళ్ళమ్మకు పంపిస్తాడంట."

"మా డాట్రు దొరగారి ఊరోడేటండి?"

"కాదంట. ఆ దేశం వాడే."

"అయితే ఆయన కుట్లు బాగా ఏసినారని సెప్పండి" అన్నాడు బ్రదర్. అది కూడా తర్జుమా చేశాను.

బిర్యానీ పొట్లాలు పంచే హడావిడిలో బిడ్డను ఎవరికిచ్చామో మరిచిపోయి వెతికితే, చర్చి పక్క వరండాలో బ్రదర్ చేతుల్లో ఉన్నాడు. ఎవరూ చూడడం లేదనుకుని ఆయన మెల్లగా పిలుస్తున్నాడు. "ట్రౌగోటూ." ఆగాడు. తనను ఎవరో పిలిచినట్టు వెనక్కి తిరిగి చూసి, ఎవరూ లేరని తెలిసి నవ్వుకున్నాడు. ఆ పేరుతో ఇంకొక మనిషిని పిలవడం ఆయన బతుకులో అదే మొదలు. నేను స్తంభం పక్కనే నిలబడిపోయాను. ఆయన మళ్ళీ పిలిచాడు, ఈసారి కొంచెం గట్టిగా, మా పాళెం గుడి వాకిట్లో పిలిచినంత గట్టిగా.